వెనక మూత కింద చీటీ

జూన్ 3

చిట్టితల్లీ,

కొనేశాను! నీ గిటారు కొనేశాను! నల్లది, కరెంటుది. ఇప్పుడు మా మంచం మీద పడుకుని ఉంది. మీ అమ్మ నన్ను కుర్చీలోకి తరిమేసి దానికి దుప్పటి కప్పింది.

ముందు ఆ మాట రాసేశాను కాబట్టి ఇక స్థిమితంగా అడుగుతున్నాను, ఎలా ఉన్నావు? మిల్లులో మీ రంగులు కలిపే గది కిటికీ బాగుచేశారా లేక ఇంకా అట్టముక్కే అడ్డం పెట్టారా? మేం బాగున్నాం. నా చెవులు ఎప్పటిలాగే సెలవులో ఉన్నాయి. అందుకే ఫోను మీ అమ్మ చేతిలో ఉంటుంది. నువ్వు పది మాటలు చెబితే నాకు రెండు అందిస్తుంది. మిగతా ఎనిమిదీ కమీషన్ కింద తనే ఉంచుకుంటుంది. ఈసారి నాకు అందిన రెండూ ఇవి: "గిటారు. నల్లది." పరుగెత్తాను.

షాపు సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. యజమాని రెండు గిటార్లు బల్ల మీద పెట్టాడు. నాకు చెముడని మీ అమ్మ చెప్పగానే అరచేతులు గరాటాలా పెట్టుకుని వీధి చివరి దాకా వినపడేలా మొదలెట్టాడు. "పెద్దాయనా! తీగలు ఆనే ఈ పలకని బ్రిడ్జి అంటారు! దీంట్లో కదలదు, స్క్రూలతో బిగించేసి ఉంటుంది! దాంట్లో కదులుతుంది! ఈ లివరు నొక్కితే స్వరం జారుతుంది, వణుకుతుంది! ట్రెమొలో!"

"రెండింట్లో ఏది మంచిది?" అన్నాను.

"ఎవరికి?"

"మా అమ్మాయికి."

నవ్వాడు తల్లీ! షాపులో ఉన్న ఇంకో ఇద్దరి వైపు చూసి మరీ నవ్వాడు. "అమ్మాయికా! అయితే కదలనిది పట్టుకెళ్ళండి. లివరు గొడవ ఆడపిల్లల చేతుల్లో నిలవదు. మీకూ అర్థం కాదు. లోపలంతా స్ప్రింగుల వ్యవహారం."

స్ప్రింగుల వ్యవహారం నాకు అర్థం కాదట! నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో త్రాసులు బాగుచేసింది ఎవరు? మార్కెట్లో ఏ కొట్టు కాటా ముల్లు వంకరగా నిలబడినా ఎవరికి కబురొచ్చేది? తూనికల ఇన్‌స్పెక్టరు కూడా ముద్ర వేసే ముందు నా మొహం చూసేవాడు!

"స్క్రూడ్రైవరు ఇవ్వండి" అన్నాను. ఇవ్వలేదు. నా జేబులో ఉంది కదా, పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఉంటుంది. గిటారుని బోర్లా తిప్పి వెనక మూత విప్పేశాను. వాడు "ఆగండాగండి" అంటూనే ఉన్నాడు, మనకి వినపడదు కదా.

తల్లీ, లోపల చూశాక నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇటు ఆరు తీగలు లాగుతున్నాయి, అటు స్ప్రింగులు లాగుతున్నాయి, మధ్యలో ఆ బ్రిడ్జి రెండింటి బరువూ సరిచూసుకుంటూ నిలబడింది. అది తక్కెడ కాక మరేమిటి? నా కూతురు వాయించేది తక్కెడ! ఇన్నాళ్ళూ నువ్వు నా పని వదిలేసి ఏదో పాటల్లో పడ్డావనుకున్నాను. నువ్వు నా పనిలోనే ఉన్నావు.

కదిలేదే కొన్నాను. మూత వాడి ముందే బిగించి, "మా అమ్మాయి చేతుల్లో ఏది నిలవదో వచ్చే నెల చెబుతాను" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, మీ అమ్మ నా చొక్కా లాగింది.

సంతోషం పట్టలేక ఒకటే ఊగిపోతున్న

మీ నాన్న

జూన్ 8

నాన్నా,

నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గర అందింది. ఆగలేక రంగు చేతులతోనే విప్పాను. మొదటి పేజీ నిండా నీలం వేలిముద్రలు పడ్డాయి. రెండో పేజీకి వచ్చేసరికి నేనే ఎర్రబడ్డాను.

నేను అడిగింది కదలనిది! అమ్మకి ఫోనులో మూడుసార్లు చెప్పాను, "బ్రిడ్జి కదలకూడదు, లివరు వద్దు, రంగు ఏదైనా పరవాలేదు, నల్లదైతే మరీ మంచిది" అని. అందులోంచి అమ్మకి నలుపొక్కటే కనిపించిందా? పోనీ అమ్మ సంగతి తెలిసిందే. నువ్వు? నువ్వు షాపువాడి మీద కోపంతో నా గిటారు కొన్నావు నాన్నా. వాడు కదలనిది పట్టుకెళ్ళమన్నాడు కాబట్టి కదిలేది తెచ్చావు. వాడు "నీళ్ళలో దూకొద్దు" అని ఉంటే నువ్వీపాటికి తడిసి ఇంటికొచ్చేవాడివి.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. చెప్పాల్సి వస్తుందనుకోలేదు.

శనివారాలు నేను వాయించే డ్యాన్సు హాలు తెలుసు కదా. నలుగురం. డ్రమ్ములు వాయించే పెద్దమనిషిదే బృందం. పోయిన నెల నా పాత గిటారులో లోపలి వైరు కాలిపోతే, లివరు ఉన్నది ఒకటి అరువు తెచ్చుకుని వాయించాను. రెండో పాట మధ్యలో మూడో తీగ తెగింది. మామూలు గిటారైతే మిగతా ఐదింటి మీద లాక్కొచ్చేదాన్ని. దీంట్లో అలా కుదరదు. తాడు లాగే పోటీలో ఒకడు చెయ్యి వదిలేస్తే ఏమవుతుంది? అంతే అయింది. స్ప్రింగులదే పైచేయి అయింది, బ్రిడ్జి వెనక్కి పడింది, తెగని ఐదు తీగలూ బిగుసుకుపోయి స్వరం తప్పాయి. నేను ఏది మీటినా పిల్లి తోక తొక్కినట్టే.

ఆయన డ్రమ్ములు ఆపేశాడు. మైకు తీసుకున్నాడు. "క్షమించాలి, మా అమ్మాయి చేతులు బట్టలు పిండడానికి అలవాటు పడ్డాయి" అన్నాడు. మూడొందల మంది నవ్వారు నాన్నా. కిందికి దిగాక "24న హాలు వార్షికోత్సవం. అదే నీకు ఆఖరి అవకాశం. ఆ రోజు కూడా ఇలాగే అయితే నీ చోట్లోకి మా బావమరిది వస్తాడు" అన్నాడు. ఆ బావమరిదికి మూడు పాటలు వచ్చు. అందులో రెండు ఒకటే.

పగలంతా రంగు నీళ్ళలో నిలబడి, సాయంత్రాలు ఆరేళ్ళు సాధన చేసి సంపాదించుకున్న చోటు అది. కదిలే బ్రిడ్జిని చూస్తేనే నాకు ఆ నవ్వు వినిపిస్తుంది. దయచేసి వాపసు ఇచ్చేసి కదలనిది తీసుకో. ఈసారి స్క్రూడ్రైవరు ఇంట్లో పెట్టి వెళ్ళు.

కోపంగా ఉన్నా నీ

చిట్టితల్లి

జూన్ 12

చిట్టితల్లీ,

బట్టలు పిండడమా! వాడి నోట్లో ఆ డ్రమ్ము కర్రలు రెండూ పెట్టి తిప్పేవాడు లేడా ఆ హాల్లో! మూడొందల మందిలో ఒక్కడు కూడా లేచి "ఏమయ్యా" అనలేదా? నేనుంటే అననా? నాకు వినపడేది కాదనుకో, కానీ మీ అమ్మ చెప్పేది. ఇలాంటివి మాత్రం ఆవిడ ఒక్క మాట తగ్గించదు.

నెల రోజులు నాకు చెప్పకుండా దాచావు. అది ఇంకో కోపం. దాన్ని పక్కన పెడుతున్నాను, తీరిక దొరికినప్పుడు పడతాను.

నీ ఉత్తరం అందగానే గిటారు భుజాన వేసుకుని షాపుకి వెళ్ళాను. స్క్రూడ్రైవరు ఇంట్లోనే పెట్టాను. ఏం లాభం? "వెనక స్క్రూలు విప్పిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. "విప్పింది నీ కళ్ళ ముందే కదా" అన్నాను. "అందుకే గుర్తుంది" అన్నాడు! ఎంత పొగరు! "ఆగమంటే ఆగారా?" అని మళ్ళీ అరచేతులు గరాటా పెట్టాడు. ఆగమన్నది నాకు వినపడలేదంటే నమ్మడు, కదలనిది పట్టుకెళ్ళమన్నది ఎలా వినపడిందంటాడు. దాంతో ఇంకా కోపం వచ్చింది.

ఇంటికొచ్చి మీ అమ్మని నిలదీశాను. "నల్లది అంది, నల్లది తెచ్చారు. కదలాలో వద్దో మీరు అడగాలి కానీ నేను చెప్పాలా?" అంది. మీ అమ్మతో వాదన పెట్టుకుంటే గెలిచినవాడికే నష్టం.

పోనీలే. నిన్నటి నుంచీ గిటారు నా బల్ల మీదే ఉంది. నువ్వు చెప్పింది మళ్ళీ మళ్ళీ చదివాను. ఒక తీగ తెగినా మిగతా ఐదూ కదలకూడదు, అంతేనా? ఒక పళ్ళెంలోంచి రాయి తీసేసినా ముల్లు చెదరకూడదంటున్నావు. ఇంతకు మించిన చిక్కులు చూశాను. ఇనప తుక్కు తూచే ఒక కొట్టాయన కాటాకి సరిగ్గా ఇదే జబ్బు ఉండేది. కానీ లివరు పీకెయ్యమంటే మాత్రం పీకను. నీ స్వరం జారాలి, వణకాలి, మళ్ళీ వచ్చి తన చోట నిలబడాలి. అది లేకుండా చేస్తే వాడు నవ్వినందుకు నువ్వు కాళ్ళు కట్టేసుకున్నట్టు ఉంటుంది.

ఎలా చేస్తానో ఇప్పుడు రాయను, చేసి పంపుతాను. 15న లారీ పార్సిల్లో వేస్తాను.

ఆ డ్రమ్ముల దొరని తలుచుకుని పళ్ళు నూరుతున్న, ఉన్న నాలుగు పళ్ళూ,

మీ నాన్న

జూన్ 14
(ఇది గిటారు వెనక మూత కింద)

తల్లీ,

నా చేతి మీదుగా బాగుపడిన ప్రతి త్రాసులోనూ మూత కింద ఒక చీటీ పెట్టేవాణ్ణి, తేదీ వేసి, ఏం చేశానో రాసి. తర్వాత మూత విప్పినవాడు తికమక పడకూడదని. నీ గిటారుకి ఎందుకు పెట్టను? మామూలు ఉత్తరంలో రాస్తే ఎక్కడో పడిపోతుంది. మూత కింద పెట్టింది ఎక్కడికీ పోదు.

రెండు చెక్కముక్కలు పెట్టాను. స్ప్రింగుల వైపున్న తెల్లచెక్క శాశ్వతం. దాన్ని ముట్టుకోవద్దు. స్ప్రింగుల్ని కొంచెం బిగించి, బ్రిడ్జి కింద స్ప్రింగులు తగిలించి ఉండే ఇనప దిమ్మ దానికి ఆనేలా చేశాను. ఇక తీగ తెగినా బ్రిడ్జి వెనక్కి పడదు, చెక్క ఆపేస్తుంది. లివరు కిందికి నొక్కితే మాత్రం కదులుతుంది, వదిలితే వచ్చి చెక్కకే ఆనుతుంది. పైకి లాగితే కదలదు. అదొక్కటే నువ్వు పోగొట్టుకున్నది.

అవతలి వైపు ఎర్రగుడ్డ చుట్టిన చెక్క ఉంది. అది ప్రయాణం కోసం. లారీలో కుదుపులకి కాటా కొట్టుకోకుండా రెండు వైపులా బిగించి పంపడం మన పద్ధతి. ఇది అందగానే ఎర్రదాన్ని లాగేయ్. లాగేదాకా లివరు వెంట్రుకంత కూడా కదలదు.

పరీక్షించకుండా పంపుతానా? స్వరం చూసే చిన్న యంత్రం పక్కింటి సంగీతం మాస్టారి దగ్గర తెచ్చాను. దానికి ముల్లుంది తల్లీ! నాకు చెవులెందుకు? ఆరు తీగలకీ ముల్లు నడిమికి తెచ్చాను. తర్వాత కటింగు ప్లేయరు తీసుకుని మూడో తీగని కట్ చేసేశాను. మీ అమ్మ కేకేసింది, అది నాక్కూడా వినపడింది. మిగతా ఐదూ ఒక్కొక్కటీ మీటి చూశాను. ముల్లు నడిమిలోంచి కదల్లేదు! గడ్డం గిటారు చెక్కకి ఆనించి ఇంకోసారి మీటాను. నీ స్వరం నా దవడ ఎముకలోంచి లోపలికి వచ్చింది. ఎన్నేళ్ళయింది ఏదైనా విని!

తెగిన చోట కొత్త తీగ వేశాను.

బాగుచేసినది: నీ నాన్న

జూన్ 18

నాన్నా,

గిటారు నిన్న అందింది. అందంగా ఉంది, ఒక్క గీత కూడా పడలేదు. నువ్వు చుట్టిన గోనెగుడ్డ విప్పడానికే గంట పట్టింది.

కానీ లివరు కదలడం లేదు. గట్టిగా నొక్కినా వెంట్రుకంత కూడా దిగదు. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమై ఒళ్ళు మండింది. ఆ షాపువాడు నీకు చచ్చిన సరుకు అంటగట్టాడు నాన్నా! ముసలాయన, చెవులు వినపడవు, కూతురి పేరు చెబితే కరిగిపోతాడు, ఇంకేం కావాలి వాడికి? నువ్వు మూత విప్పి లోపల ఏదో తక్కెడ చూసి మురిసిపోయావు, వాడు పక్కన నిలబడి నవ్వుకుని ఉంటాడు. వాపసు తీసుకోనన్నది కూడా అందుకే. నువ్వు ఏదో చేస్తానని రాశావు. బహుశా నీకు చేతకాక, చెప్పలేక, అలాగే పంపేసి ఉంటావు. పరవాలేదు. నాకు కదలనిదే కావాలి. ఇది కదలడం లేదు. దారి ఏదైతేనేం.

అయినా నమ్మకం లేదు. ఇప్పుడు బిగుసుకున్నది 24న వేదిక మీద ఊడిపోతే? మా వీధి చివర రేడియోలు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. "స్ప్రింగులు పీకేసి బ్రిడ్జికి నాలుగు మేకులు దిగ్గొడితే జన్మలో కదలదు" అన్నాడు. 22న తెమ్మన్నాడు. ఇస్తున్నాను.

నీ మీద కోపం లేదు. నిన్ను మోసం చేసినవాడి మీద ఉంది. అది ఎంతుందంటే, నిన్న మిల్లులో ఆకుపచ్చ బదులు గోధుమరంగు కలిపాను. ముప్పై తానుల గుడ్డ ఇప్పుడు ఏ రంగో ఎవరికీ తెలియదు.

నీ

చిట్టితల్లి

జూన్ 21

ఏమే,

చచ్చిన సరుకా? చేతకాక పంపానా?

నా జీవితంలో ఒక్క కాటా చేతకాక పంపలేదు. పంపలేనిది ఉంటే దాని యజమానికి మొహం మీదే చెప్పాను, "అయ్యా, ఇది పోయింది, ఇంకోటి కొనుక్కో" అని. నా సొంత కూతురికి అబద్ధపు పని చేసి గోనెగుడ్డ చుట్టి పంపుతానా? ముసలాయన, చెవులు వినపడవు, కరిగిపోతాడు! ఆ షాపువాడు అన్నదానికీ నువ్వు రాసినదానికీ తేడా ఏముంది? వాడు అరిచాడు, నువ్వు కాగితం మీద రాశావు, అంతే కదా!

మూత విప్పావా? వెనక మూత! నాలుగు స్క్రూలు! విప్పి ఉంటే ఈ ఉత్తరమే రాసేదానివి కాదు.

నీకు ఆరేళ్ళప్పుడు నా బల్ల పక్కన డబ్బా మీద కూర్చునేదానివి. ఎవరి కాటా బాగైనా చీటీ మీద తేదీ నీ చేతే రాయించేవాణ్ణి. నా రాత పోలీసు రిపోర్టులా ఉంటుందనీ, నీది గుండ్రంగా ఉంటుందనీ. ఒకసారి చీటీ పెట్టకుండా మూత బిగించబోతే నా చెయ్యి పట్టుకుని "నాన్నా, చీటీ" అన్నావు. ఆ పిల్ల ఏమైంది? ఊళ్ళో ప్రతి త్రాసులోనూ నాన్న చీటీ ఉంటుందని తెలిసిన మనిషివి ప్రపంచంలో నువ్వొక్కదానివే, నువ్వే మూత విప్పలేదు!

మేకులు! స్ప్రింగులు పీకేసి మేకులు! చదవగానే మీ అమ్మ చేత ఫోను చేయించాను. నేను చెప్పమన్నది అరపేజీ: "మూత విప్పు, ఎర్రచెక్క లాగెయ్, తెల్లది ముట్టుకోకు, మేకు కొట్టావంటే నా మీద కొట్టినట్టే" అని. మీ అమ్మ ఫోనులో ఏమందో తెలుసా? "మీ నాన్న మండిపడుతున్నారు, ఉంటాను." పెట్టేసింది! మళ్ళీ చెయ్యమంటే, పిల్ల డ్యూటీలో ఉంటుంది, విసిగించకండి అంది.

ఈ ఉత్తరం నీకు 25కి గానీ అందదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. ఎవరి మీద అరవాలో తెలియక కాగితం మీద అరుస్తున్నాను. ఈ నాలుగు రోజులూ నేను నిద్రపోను.

గాయపడ్డ

త్రాసుల మనిషి

జూన్ 25

నాన్నా,

ఫోను చెయ్యలేదు. చేస్తే అమ్మ దీన్ని రెండు మాటలు చేసేస్తుంది. ఇది మొత్తం నీకు అందాలి. అందుకే పొద్దున్నే లేచి రాస్తున్నాను. నీ 21 నాటి ఉత్తరం ఇప్పుడే తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. చదివాను. నువ్వు తిట్టినవన్నీ నాకు చెందాల్సినవే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవద్దు.

22న మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అమ్మ "మండిపడుతున్నారు" అంది కానీ ఎందుకో చెప్పలేదు. షాపువాడి మీద అనుకున్నాను. మెకానిక్ సుత్తి, మేకులు బల్ల మీద సర్దుకుని, గిటారు బోర్లా తిప్పి మూత విప్పాడు. నీ చీటీ బయటపడింది. ఆయన నాకంటే ముందే తీసి చదివాడు. చదువుతూ చదువుతూ సుత్తి సొరుగులో పెట్టేశాడు.

"మీ నాన్న త్రాసులు బాగుచేస్తారా అమ్మా?" అన్నాడు.

"అవును. మీకెలా తెలుసు?"

"మా తాతది వేరే ఊరు. ఆయన కొట్టులో ఒక కాటా ఉండేది. చిన్నప్పుడు మూత విప్పి ఆడుకుంటే లోపల ఇలాంటిదే చీటీ ఉంది. రాత ఘోరంగా ఉంది, తేదీ మాత్రం ముత్యాల్లా ఉంది, పిల్లలు రాసినట్టు. ఆ కాటా ఇప్పటికీ పనిచేస్తోంది. ఈ చేత్తో చేసినదాని మీద నేను మేకు కొట్టనమ్మా. కావాలంటే ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళు, వాళ్ళ దగ్గరికి కూడా నేను ముందే వెళ్ళి చెబుతాను."

ఎర్రచెక్క నేనే లాగాను. లివరు మెత్తగా దిగింది, వచ్చి చోట్లో నిలబడింది. ఆయన స్టూలు మీద కూర్చుని చీటీ మళ్ళీ చదవడానికి పోతే నేను లాక్కోవాల్సి వచ్చింది.

ఇక నిన్న సాయంత్రం.

హాలు నిండిపోయింది. బావమరిది తన గిటారుతో సహా వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. పెళ్ళిలో వడ్డన కోసం చూసేవాడిలా, నేను ఎప్పుడు లేస్తానా అని చూస్తున్నాడు. డ్రమ్ములాయన నా లివరు చూసి "మళ్ళీ ఇదేనా? బుద్ధి రాలేదా?" అన్నాడు. నేను తీగలు శ్రుతి చేసుకున్నాను. రెండు పాటలు బాగా సాగాయి. మూడోది నెమ్మదైన పాట. సగంలో ఉండగా మూడో తీగ టప్పున తెగి నా మణికట్టు మీద కొట్టింది.

నాన్నా, ఆయన చేతులు డ్రమ్ముల మీద ఆగబోయాయి, ఎడమ చెయ్యి మైకు వైపు వెళ్తోంది. నేను కళ్ళు మూసుకుని పక్క తీగ మీటాను. సరిగ్గా ఉంది. దాని పక్కది మీటాను. అదీ సరిగ్గా ఉంది! నీ తెల్లచెక్క ఆపింది. ఐదు తీగల మీదే పాట పట్టుకున్నాను, తెగినదాని స్వరాలు పక్క తీగ మీద పైకి వెతుక్కుని వాయించాను. చివరి స్వరం దగ్గర లివరు నెమ్మదిగా కిందికి నొక్కాను. అది జారి జారి, వణికి, మళ్ళీ వచ్చి తన చోట నిలబడింది. నువ్వు రాసినట్టే.

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు, నాకే చెముడు వచ్చిందనుకున్నాను. తర్వాత కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. లేచి నిలబడ్డారు నాన్నా.

డ్రమ్ములాయన మైకు తీసుకోలేదు. హాలు యజమాని తనే వచ్చి తీసుకుని, వేదిక పక్కన గోడ మీద ఉండే పేర్ల పలకలో నా పేరు మా బృందంలో మిగతా ముగ్గురితో పాటు రాయిస్తున్నానని చెప్పాడు. ఇన్నాళ్ళూ అక్కడ మూడే పేర్లు ఉండేవి. కిందికి దిగాక డ్రమ్ములాయన నా దగ్గరికొచ్చి, నా మొహం చూడకుండా గిటారు వైపు చూస్తూ, "ఇది ఎక్కడ చేయించావ్? మా బావమరిదికి కూడా ఇలాంటిది ఒకటి కావాలి" అన్నాడు. అంతే! బట్టల మాటకి క్షమాపణ లేదు, ఏమీ లేదు! నాకు నవ్వాలో తన్నాలో తెలియలేదు.

నాన్నా, చేతకాక పంపావని రాశాను కదా. ఆ ఉత్తరం చించెయ్యొద్దు. నేను ఎంత తెలివితక్కువదాన్నో నాకు గుర్తుచెయ్యడానికి దాచు. నీ చీటీ మళ్ళీ మూత కిందే పెట్టేశాను. నిన్నటి తేదీ వేశాను, గుండ్రంగా, నీ పేరు పక్కనే.

నీ చీటీల పిల్ల

జూన్ 29

నా బంగారు తల్లీ,

లేచి నిలబడ్డారా! మూడొందల మందీనా? వెనక వరస వాళ్ళు కూడా? ఉత్తరం చదివి వీధిలోకి వెళ్ళిపోయాను. ఎదురైన ప్రతివాడికీ చెప్పాను. వాళ్ళేమన్నారో నాకు వినపడలేదు, వినాల్సిన అవసరం కూడా లేదు.

షాపుకి వెళ్ళాను. అరచేతులు గరాటా పెట్టి ఈసారి నేనే అరిచాను, "ఆడపిల్లల చేతుల్లో నిలవదన్నావే, ఒక తీగ తెగినా నిలిచింది!" అని. వాడు ఏదో అన్నాడు. మీ అమ్మని అడిగితే "ఏం లేదు" అంది. అంటే వాడు ఓడిపోయాడు.

డ్రమ్ముల దొరకి మాత్రం నా కోపం తగ్గలేదు. క్షమాపణ లేకుండా గిటారు అడుగుతాడా! వాడి బావమరిదికి చెయ్యనని చెప్పు. కాదు, చేస్తానని చెప్పు. చేసి, ఎర్రచెక్క బిగించి, చీటీ పెట్టకుండా పంపుతాను. లివరు ఎందుకు కదలదో జన్మంతా వెతుక్కుంటాడు. ఛ, కాదులే. చీటీ పెడతాను. పని పనే. కానీ వాణ్ణి ముందు ఆ మైకులోనే నీకు క్షమాపణ చెప్పమను, ఆ మూడొందల మంది ముందే. అది వినపడేదాకా స్క్రూడ్రైవరు నా జేబులోనే ఉంటుంది.

నీ ఆ కోపపు ఉత్తరం చించలేదు. నా బల్ల సొరుగు అడుగున పెట్టాను, పైన తేదీ వేసి.

ఇక అందరికీ చెప్పాలి. నేను కొందరికి రాస్తాను, మిగతా వాళ్ళకి నువ్వు చెప్పు. పెద్దత్తకి ముందు చెప్పు, లేకపోతే నెల రోజులు మాట్లాడదు. చిన్న బాబాయికి చెప్పు, ఆడపిల్లకి కరెంటు వాయిద్యం ఏమిటని అప్పట్లో అన్నది ఆయనే, ఆ మాట గుర్తుచేసి మరీ చెప్పు. మేనమామకి ఇద్దరం రాద్దాం, ఆయనకి ఏదైనా రెండుసార్లు చెబితే గానీ ఎక్కదు. మీ పిన్నికి చెప్పు, ఆవిడకి చెబితే ఆ వైపు వాళ్ళందరికీ చెప్పినట్టే. మా తోడల్లుడికి చెప్పొద్దు, నేనే వెళ్ళి చెబుతాను, వాడి మొహం చూడాలి. ఆ రేడియో మెకానిక్ మనకి ఏమీ కాడు, అయినా ఆయన్నీ ఈ జాబితాలో రాసుకో, వరసకి అన్నయ్య అనుకో.

చివరగా మీ అమ్మ. కళ్ళజోడు చేతిలో పట్టుకుని నా కుర్చీ చుట్టూ తిరుగుతోంది, నీ ఉత్తరంలో ఏముందని పొద్దుట్నించీ అడుగుతోంది. రెండు మాటలు చెప్పాను: "తీగ తెగింది. అమ్మాయి గెలిచింది." మిగతా ఎనిమిదీ కమీషన్ కింద నేనే ఉంచుకున్నాను.

మీ నాన్న